వంగపూతకు వాయించిన బ్యాండు

గొడవంతా చక్రధర్ పళ్ల బ్రష్షు మీద పసుప్పచ్చటి పొడి కనిపించడంతో మొదలైంది.

బ్యాటరీతో ఝుమ్మని ఊగే బ్రష్షు అది. పొద్దున్నే నోట్లో పెట్టుకోబోతూ ఆగి, లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసుకుని, దాన్ని పట్టుకునే మెట్లు దిగి వచ్చాడు. వంటింట్లో అత్తగారు దమయంతి కాఫీ కలుపుతోంది.

"అత్తయ్యా, దీని మీద ఇదేంటండీ?"

దమయంతికి అరవై మూడేళ్లు. అబద్ధం ఆడే అలవాటు లేదు. ఒకవేళ ఆడినా ముఖమే పట్టిచ్చేస్తుంది.

"పుప్పొడి బాబూ. వంగపువ్వుది. విషమేం కాదులెండి," అంది.

చక్రధర్ మంచివాడు. మారుమాట లేకుండా వెళ్లి కొత్త బ్రష్షు కొనుక్కుని, పాతది అత్తగారికే వదిలేశాడు. కూతురు విజయశ్రీ మాత్రం ఊరుకోలేదు. "నువ్వు ఇక్కడికి రెస్ట్ తీసుకోవడానికి వచ్చావమ్మా. ఆ మొక్కల పిచ్చి తెనాల్లోనే వదిలేసి రమ్మన్నానా, లేదా?"

"అన్నావు," అని ఒప్పుకుంది దమయంతి.

వదలడానికి అది నిన్నా మొన్నా పట్టిన పిచ్చి కాదు. గుంటూరు వైపు ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, వంగ విభాగంలో, ఆమె ముప్పయ్యొక్క ఏళ్లు ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసింది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని సాయంత్రం పూట పట్టకారుతో విప్పి, లోపలి కేసరాలు పెరికేసి, కాగితపు సంచి తొడిగేది. పొద్దున్నే ఇంకో రకం పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి అద్ది, తొడిమకు దారం కట్టేది. ఆ కేంద్రం నుంచి కొత్త వంగడం ఏది పొలాల్లోకి వెళ్లినా దాని వెనక ఆమె వేళ్లు ఉన్నాయి. కాగితాల మీద ఆఫీసర్ల పేర్లు ఉండేవి. ఆమె దాని గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆమెను వదల్లేదు. ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు, పురుగు దూరకుండా వల కట్టిన గదిలో పెంచుతున్న వంగమొక్కల్లో ఒక వరుస విరగకాసింది. మిగతా వరుసల్లో పూత రాలిపోతోంది. అదే విత్తనం, అదే ఎరువు. తేడా ఏమిటా అని నాలుగు రోజులు చూసి, ఆ వరుస పక్కనే డీజిల్ ఇంజను నడుస్తోందని కనిపెట్టింది. ఇంజను నడిచినంతసేపూ ఆ మొక్కలు సన్నగా వణుకుతున్నాయి. వెళ్లి ఆఫీసరుగారికి చెప్పింది. ఆయన నవ్వి, "ఇంజను పాటకు వంకాయలు కాస్తాయా దమయంతమ్మా? టీ తెప్పించు," అన్నాడు. ఆమె టీ తెప్పించింది. వంగపువ్వులో పుప్పొడి తిత్తుల్లో ఉంటుందనీ, తుమ్మెద వచ్చి పువ్వును కావలించుకుని ఒళ్లు ఝుమ్మనిపిస్తే తప్ప సరిగ్గా రాలదనీ తర్వాతెప్పుడో ఒక పత్రికలో చదివింది. అయితే ఇంజను కూడా తుమ్మెద పని చేసిందా? అది తేల్చుకోవడానికి ఆమెకు సొంతంగా వల గదీ లేదు, అధికారమూ లేదు.

ఇప్పుడు అమెరికాలోని అరోరా ఊళ్లో, కూతురి టౌన్‌హోమ్ కింది అంతస్తులో, ఎవరూ వాడని చిన్న గది ఉంది. అక్టోబరులో దిగిన వారానికే ఆ గదిలో ఎనిమిది కుండీలు పెట్టి వంగ విత్తనాలు చల్లింది. పక్కింటితో కలిసి ఉన్న గోడకు చక్రధర్ బిగించిన చెక్క అర మీద నాలుగు, ఎదుటి గోడ దగ్గర బల్ల మీద నాలుగు. పైన ఊదారంగు దీపాలు. బయట మంచు పడుతుంటే లోపల వంగమొక్కలు మోకాలెత్తు పెరిగి, జనవరి నాటికి పూతకు వచ్చాయి. పూసినవి పూసినట్టే రాలిపోయాయి. తలుపులు బిగించిన ఇంట్లోకి తుమ్మెద ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అల్లుడి బ్రష్షు.

భర్త వీరభద్రం ఒకసారి అమెరికా వచ్చి, ఈ చలి తన ఒంటికి పడదని తేల్చి చెప్పి, ఈసారి తెనాల్లోనే ఉండిపోయాడు. రోజూ ఫోన్లో కనిపించి అడిగేవాడు. "కాసిందా?"

"ఇంకా లేదు."

"కొట్లో కొనుక్కోక ఎందుకే ఈ యాతన?"

ఆ శనివారం మధ్యాహ్నం దమయంతి గదిలో మొక్కల మొదళ్లలో మట్టి గుల్ల చేస్తోంది. పువ్వుల కింద నల్ల కాగితం ముక్కలు పరిచి ఉంచడం ఆమెకు అలవాటు. పుప్పొడి రాలితే తెలియాలని. పక్కింట్లో డ్రమ్ములు మొదలయ్యాయి. ప్రతి శనివారం ఉండేదే. డ్రమ్ముల వెనక గిటార్లు, గిటార్ల మీద ఒక మగ గొంతు. ఆమె పట్టించుకోలేదు. కానీ కాసేపటికి తల ఎత్తేసరికి, అర మీది నాలుగు కుండీల కింద నల్ల కాగితం మీద ఎవరో పసుపు చిలకరించినట్టు ఉంది. బల్ల మీది వాటి కింద ఏమీ లేదు.

ఆమె కింద కూర్చుండిపోయింది. భూతద్దం పెట్టి చూసింది. సందేహం లేదు, పుప్పొడే. చేయి తుడుచుకుని అర మీద అరచెయ్యి ఆనించింది. పాటలో ఎక్కడో ఒకచోట, ఒక్క మోతకు మాత్రం, చెక్క సన్నగా వణుకుతోంది. స్టీలు గ్లాసు తెచ్చి గోడకు ఆనించి చెవి పెట్టింది. డ్రమ్ములకు కాదు. గొంతుకు కాదు. లావు గొంతుతో బొయ్యిమనే ఇంకేదో మోత.

ఇక ఆగలేదు. ఉన్న పళాన బయటికి నడిచింది.

పక్కింటి తలుపు తీసింది శశికాంత్. ముప్పై నాలుగేళ్లు, దగ్గర్లోని షామ్‌బర్గ్ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, విశాఖపట్నం వాడు, ‘కారప్పూస’ అనే ఆ రాక్ బ్యాండుకు నాయకుడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తలకు మంకీ క్యాపు. కళ్లకు, ఆ ఊదా దీపాల వెలుగు పడక పెట్టుకున్న, శుక్లాల ఆపరేషన్ నాటి నల్ల కళ్లద్దాలు. చీర మీద మగవాళ్ల జాకెట్టు. చేతులకు అంట్లు తోముకునే పచ్చ రబ్బరు తొడుగులు. ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో దానంతటది ఝుమ్మంటున్న పళ్ల బ్రష్షు. ఆపడం మరిచిపోయింది.

"సారీ ఆంటీ, వెరీ సారీ. సౌండ్ తగ్గించేస్తాం," అన్నాడు శశికాంత్.

"తగ్గించొద్దు బాబూ. ఇందాకటిది మళ్లీ వాయించండి."

బ్యాండులోని ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బ్యాండు పెట్టి రెండేళ్లయింది. మళ్లీ వాయించమని అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

"ఏ సాంగ్ ఆంటీ?" శశికాంత్ గొంతులో ఆశ.

"పాట కాదు. మధ్యలో బొయ్యిమని ఒక మోత వస్తుంది చూడండి, అది. అదొక్కటే చాలు. మిగతాది అక్కర్లేదు."

డ్రమ్ముల వెనక నుంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. పేరు అవని. పుట్టి పెరిగింది ఇక్కడే, ఊరి లైబ్రరీలో పనిచేస్తుంది. దమయంతిని కింది నుంచి పైదాకా చూసి, "ఓ మై గాడ్. ఆంటీ, మీరు మ్యాడ్ సైంటిస్టా?" అని అడిగింది, ఎంతో గౌరవంగా.

"సైంటిస్టుని కాదమ్మా. ల్యాబ్ అసిస్టెంటుని," అంది దమయంతి.

లోపలికి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక, తుమ్మెద దగ్గర మొదలుపెట్టి పుప్పొడి దాకా అంతా చెప్పింది. బ్రష్షు పక్కన పెట్టి, ఇంజను నాటి పాత ప్రశ్న తేలేలా ఒక పరీక్ష చేయాలంది. తను తన గదిలో కుండీల దగ్గర ఉంటుంది. వీళ్లు ఇక్కడ ఒక్కొక్క వాయిద్యం విడివిడిగా మోగించాలి. ఫోన్లో మాట్లాడుకుంటూ చేద్దాం.

మొదట శశికాంత్. తన గిటారు మీద ఆర్నెల్లుగా సాధన చేస్తున్న, వేళ్లు కనపడనంత వేగంగా సాగే సోలో ముక్క ఒకటి కళ్లు మూసుకుని వాయించాడు. పూర్తయ్యాక ఫోను అందుకున్నాడు.

"ఆంటీ? ఎలా ఉంది?"

"ఏం రాల్లేదు బాబూ. తర్వాతి వాళ్లని రానివ్వు."

అవని డ్రమ్ములు. ఆకులు కదిలాయి, పువ్వు కదల్లేదు. చివరికి మూలన నిలబడ్డ మూడో మనిషి. హర్షవర్ధన్, జగిత్యాల నుంచి వచ్చి ఎమ్మెస్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాడు. బ్యాండులో బేస్ గిటార్. లావు తీగల గిటారు అది. పాట బాగుంటే గాయకుడి పేరు, బాగోకపోతే అందరి పేరూ చెబుతారు కానీ, బేస్ వాయించేవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. అతను తీగ మీద ఒక్కో మెట్టే నొక్కుతూ పోయాడు.

"కాదు... కాదు... ఇదీ కాదు... ఆగు! ఇదే! కదలకు, అక్కడే ఉండు నాయనా! ఎన్నోది?"

"మూడో మెట్టు ఆంటీ. ఏమైంది?"

"రాలుతోంది! బంగారం రాలినట్టు రాలుతోంది!"

హర్ష వాయిస్తూనే ఉన్నాడు. శశికాంత్ గిటారు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "నా సోలోకి ఒక్క గింజ కూడా రాల్లేదా?" అన్నాడు.

ఒప్పందం ఆ రోజే కుదిరింది. క్లాసులు లేని సాయంత్రాలు, అంటే దాదాపు రోజూ, నాలుగింటికి హర్ష శశికాంత్ ఇంటి తాళం తీసుకుని వచ్చి ఇరవై నిమిషాల పాటు ఆ ఒక్క మోతే వాయించాలి. బదులుగా బ్యాండు మొత్తానికి శనివారం భోజనం దమయంతి చూసుకుంటుంది. శశికాంత్ ఒక్క చిక్కు ఉందన్నాడు. "ఎవరో మా మీద హెచ్‌ఓఏకి, అదే ఈ ఇళ్ల సంఘానికి, కంప్లైంట్ ఇస్తున్నారాంటీ. రెండు లెటర్స్ వచ్చాయి. మూడోది వస్తే ప్రాక్టీస్ బంద్."

"ఎవరో సంగీత జ్ఞానం లేనివాళ్లు," అంది దమయంతి జాలిగా.

హర్ష చెప్పిన టైముకు వచ్చేవాడు. ఫోను స్పీకర్లో పెట్టి, గోడకు అటు అతను, ఇటు ఆమె. మొదటి వారం పని మాటలే. రెండో వారంలో ఒకరోజు అతను వాయిస్తూ వాయిస్తూ అన్నాడు. "ఆంటీ, నిన్నటి ఇంటర్వ్యూ పోయింది. దీంతోని తొమ్మిది అయినయ్. మేలో డిగ్రీ అయిపోతది. ఇంట్లో అడిగితే ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

ఓదార్చడం ఆమెకు అంతగా రాదు. "హర్షా, మాట్లాడుతూ వాయించకు. మోత తడబడుతోంది," అంది. అతను నవ్వాడు. ఇరవై నిమిషాలూ అయ్యాక ఆమె స్టీలు డబ్బాలో వేడి వేడి పప్పుచారు, అన్నం, వేరుగా గోంగూర పట్టుకుని మంచులో నడిచి వెళ్లి గుమ్మంలో ఇచ్చింది. "తిని మాట్లాడు. ఇప్పుడు ఎంతసేపైనా వింటాను," అంది. అతను తిన్నాడు, చెప్పాడు. ఆమె నిజంగానే గంటసేపు విన్నది.

పదహారో రోజున అర మీది మొక్కల్లో మొదటి పిందె దిగింది. గోళీకాయంత. దమయంతి వీరభద్రానికి ఫోను చేసి చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఏమేవ్, ఇది వంకాయే!" అన్నాడు, అప్పటిదాకా ఇంకేదో అనుకున్నట్టు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంబరంలోనే పక్కింటి బ్యాండు సంగతంతా చెప్పేసింది. చక్రధర్ నవ్వాపుకోలేక పొలమారాడు. విజయశ్రీ నవ్వలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"అమ్మా, ఆ కంప్లైంట్స్ ఇచ్చింది నేనే."

దమయంతికి వెంటనే అర్థం కాలేదు.

"రెండూ నేనే. మూడోది కూడా రేపు పంపుదామనుకుంటున్నా. నీకు తెలుసా నా పరిస్థితి? టీంలో సగం మందిని తీసేశారు. మిగిలినవాళ్లం ఇద్దరి పని ఒక్కరం చేస్తున్నాం. శనివారం కూడా నేను మేనేజర్‌తో మాట్లాడుతుంటే వెనక డబడబా అని డ్రమ్స్! ఎక్కడున్నావు, పెళ్లిలోనా అని అడిగాడాయన. ఇప్పుడు రోజూ నాలుగింటికి ఆ బొయ్ బొయ్ ఏంటా అనుకుంటున్నా. అది నీ పనా?"

"ఇంకో నెల రోజులు చాలమ్మా. మొక్కలు అటువి ఇటు మార్చి ఇంకొక్కసారి చూస్తే..."

"నీకు ఎప్పుడూ మొక్కలే." విజయశ్రీ గొంతు పెద్దది కాలేదు, సన్నబడింది. "నా టెన్త్ పరీక్షలప్పుడు అందరి అమ్మలూ సెంటర్ బయట నిలబడి ఉన్నారు. నువ్వు పూలకి సంచులు కడుతూ కూర్చున్నావు."

చక్రధర్ నీళ్ల గ్లాసు అందించాడు. ఎవరూ తాగలేదు. అది నిజమే. ఆ సంవత్సరం పూత పది రోజులు ముందొచ్చింది. సెలవు పెడితే ఏడాది పని పోతుంది. ఆఫీసరు పొమ్మనలేదు, వద్దనలేదు. వెళ్లకుండా ఉండిపోయింది తనే. ఇన్నేళ్లూ కూతురు మరిచిపోయి ఉంటుందని అనుకుంది. "తప్పే," అంది మెల్లగా. కంచాలు తీసి సింకులో వేసింది.

పొద్దున్నే విజయశ్రీ కాఫీకి దిగేసరికి బల్ల మీద తెల్ల కాగితం, స్కేలు, పెన్సిలు పెట్టుకుని కూర్చుని ఉంది దమయంతి. గళ్లు గీసి ఉన్నాయి. ఎడమ వైపు వారాలు, పైన గంటలు.

"నీ మీటింగులన్నీ చెప్పు. ఒక్కటి కూడా వదలకు."

"ఎందుకు?"

"చెప్పవే."

విజయశ్రీ నిలబడే చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దున తొమ్మిదిన్నర, పదకొండు, మంగళవారం నాలుగింటికి మేనేజర్, రాత్రి ఎనిమిదిన్నరకి ఇండియా టీంతో. దమయంతి ఒక్కో గడిలో నల్లటి అడ్డగీత పెట్టింది. ఆ కాగితం తీసుకెళ్లి శశికాంత్ గోడకు అతికించి, "ఈ గీతలున్న టైములో ఇంట్లో చెంచా కూడా కింద పడకూడదు," అని చెప్పింది. ఫిర్యాదు చేసింది తన కూతురేనని కూడా చెప్పింది. శశికాంత్ తల గోక్కుని, "పాపం, మాకు చెప్పుంటే ఆపేవాళ్లం కదాంటీ," అన్నాడు. డ్రమ్ములకు బదులు అవని మెత్తటి రబ్బరు దిమ్మె తెచ్చుకుంది. మూడో ఉత్తరం రాలేదు.

బల్ల మీది మొక్కలు అర మీదికీ, అర మీదివి బల్ల మీదికీ మారాయి. ఆ నాలుగు వారాల్లో శశికాంత్‌కు ఒక నమ్మకం బలపడిపోయింది. తమ సంగీతం మొక్కలకు నచ్చుతోంది! ఈ ముక్క బ్యాండు పోస్టర్ మీద వేయిద్దామన్నాడు. దమయంతికి మాత్రం అనుమానం. ఒకరోజు అర మీది నాలుగు కుండీల్లో రెండిటి కింద మెత్తటి దిండ్లు పెట్టింది. హర్ష వాయించాడు. దిండ్ల మీద మొక్కలకు ఒక్క రేణువూ రాల్లేదు. చెక్క మీదివి రాల్చాయి.

శనివారం భోజనాల దగ్గర ముగ్గురికీ చెప్పింది. "శబ్దం కాదు బాబూ పని చేస్తోంది. ఆ మోతకి గోడ ఊగుతోంది, గోడకి చెక్క, చెక్కకి మొక్క. బట్టల మిషను పక్కన పెట్టినా ఇదే జరుగుతుంది."

శశికాంత్ అప్పడం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అంటే మేమూ వాషింగ్ మెషీనూ ఒకటేనా ఆంటీ?"

"ఈ పని వరకు ఒకటే."

"పోస్టర్ మీద వేయొద్దా?"

"అబద్ధం ఎలా వేస్తావు?"

హర్ష ఒక్కడే నవ్వుతున్నాడు. "అన్నా, మనకంటే వాషింగ్ మెషీన్‌కే రివ్యూలు మంచిగుంటయ్," అన్నాడు. శశికాంత్ కూడా నవ్వక తప్పలేదు.

ఆ నవ్వుల్లోనే అవనికి ఆలోచన వచ్చింది. ఆమె పనిచేసే లైబ్రరీలో నెలకోసారి తోటమాలుల క్లబ్బు కూడుతుంది. అంతా రిటైరైనవాళ్లు. మార్చిలో రావాల్సిన వక్తకు కాలు బెణికింది. "ఆంటీ, మీరు మాట్లాడండి. మేము వచ్చి ఆ నోట్ ప్లే చేస్తాము. ఇట్ విల్ బి అవర్ ఫస్ట్ షో!"

దమయంతి వద్దంది. జన్మలో ఎప్పుడూ నలుగురి ముందు మాట్లాడలేదు. ఆఫీసర్లు మాట్లాడుతుంటే గది వెనక నిలబడి స్లైడ్లు మార్చేది. వారం రోజులు వద్దంటూనే, తెలుగులో నాలుగు పేజీలు రాసుకుంది.

ఆ శనివారం చక్రధర్ ఊళ్లో లేడు. విజయశ్రీ కారులో దింపింది. "నేను గ్రోసరీ చేసుకుని వస్తా," అని చెప్పింది కానీ, కుండీలు లోపలికి మొయ్యడానికి మనుషులు చాలక తనూ ఒకటి పట్టుకుంది. మోసుకొచ్చాక వెనక వరుసలో కూర్చుంది.

పందొమ్మిది మంది వచ్చారు. ప్రతి కుర్చీలో అవని అచ్చువేయించిన కాగితం ఉంది. దాని మీద ‘దమయంతి, ప్రిన్సిపల్ సైంటిస్ట్’ అని చూసి దమయంతి పెన్ను తీసింది. అవని వద్దంటున్నా వినకుండా పందొమ్మిది కాగితాల మీదా ఆ రెండు మాటలు కొట్టేసి, ల్యాబ్ అసిస్టెంట్ అని రాసింది. కార్యక్రమం పది నిమిషాలు ఆలస్యమైంది.

ఆమె తెలుగులో చెబుతుంటే అవని ఇంగ్లీషులో చెప్పాలని ఏర్పాటు. అవని తెలుగు ఇంటి తెలుగు. అన్నం, చదువు, కారు తాళాలు దాకా బాగానే ఉంటుంది. పుప్పొడి దగ్గర తడబడి పువ్వు పౌడర్ అని చెప్పింది. తర్వాత దమయంతి, "మా వైపు వంగతోటలో ఈ పని తుమ్మెద చేస్తుంది," అంది. అవనికి తెలిసిన మాట తుమ్ము ఒక్కటే. ఇండియాలో తుమ్మే ఒక ఈగ ఉందనీ, అది పువ్వు మీద కూర్చుని గట్టిగా తుమ్మితే పౌడర్ రాలుతుందనీ చక్కగా వివరించింది. పందొమ్మిది మందీ ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు.

దమయంతికి ఇంగ్లీషు మాట్లాడటం అంతగా రాకపోయినా అర్థమవుతుంది. "నో, నో! నాట్ స్నీజ్!" అని చేతులు ఊపింది. "బిగ్ బ్లాక్ బీ. ఇట్ ఈజ్ హగ్గింగ్ ది ఫ్లవర్. దెన్..." మాట దొరక్క, రెండు చేతులూ గుండెలకు అదుముకుని, ఒళ్లంతా వణికిస్తూ, నోటితో ఝుమ్మని చేసి చూపించింది. హాలు ఒక్క క్షణం ఆగి, ఒక్కసారిగా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమెకు కాగితాలు అవసరం రాలేదు. వచ్చిన ఇంగ్లీషుతోనే చెప్పుకుపోయింది. మొదటి విడత అర మీద పద్నాలుగు కాయలు, బల్ల మీద మూడు. మొక్కలు మార్చాక పదకొండు, నాలుగు. దిండు సంగతీ చెప్పింది.

చివర కుండీని హర్ష స్పీకరు పెట్టె మీద పెట్టారు. పువ్వుకు ఎదురుగా శశికాంత్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద వంగపువ్వు గొడుగంత కనిపిస్తోంది. హర్ష తీగ మీద వేలు పెట్టాడు. ఎక్కడ ఏ మెట్టు పనిచేస్తుందో కొత్త చోట తెలియదు, అందుకని ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లాడు. ఐదో మెట్టు దగ్గర పువ్వు మధ్య నుంచి పచ్చటి పొడి జలజలా రాలింది. ముందు వరుసలో ఒక పెద్దావిడ "ఓహ్" అని లేచి నిలబడింది. బెవర్లీ అని, ఆ క్లబ్బు అధ్యక్షురాలు.

ఒకాయన చెయ్యెత్తాడు. వాషింగ్ మెషీన్ మీద పెట్టినా పనిచేస్తుందా అని. దమయంతి శశికాంత్ వైపు చూసింది. శశికాంత్ నిట్టూర్చి, తనే సమాధానం చెప్పాడు. "యెస్ సర్. ఈక్వల్లీ గుడ్."

ప్రశ్నలు ముప్పావుగంట నడిచాయి. టమాటాకూ ఇంతేనా, మిరపకో, చలికాలంలో నీళ్లెంత? అడిగిన ప్రతిదానికీ దమయంతి దగ్గర జవాబుంది. లేనిచోట తెలియదంది. చివరికి బెవర్లీ, గిటార్లు ఇంత దూరం మోసుకొచ్చారు కదా, ఒక పాట వాయించరా అని అడిగింది. కారప్పూస బ్యాండు జీవితంలో అడిగించుకుని వాయించిన మొదటి పాట అది. వీసా లాటరీలో మూడేళ్లుగా పేరు తగలని వాడి గురించి శశికాంత్ రాసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పందొమ్మిది మందీ కాళ్లతో తాళం వేశారు. మధ్యలో శశికాంత్ సోలో వచ్చింది. అతను కళ్లు మూసుకోలేదు ఈసారి. చప్పుడేమిటో చూద్దామని లైబ్రరీ ఉద్యోగి ఒకతను వచ్చి, తలుపు వేసి, తనూ లోపలే నిలబడిపోయాడు.

తిరిగి వస్తుంటే సాయంత్రమైంది. రోడ్ల పక్క మంచు కరిగి నల్లటి బురద. విజయశ్రీ డ్రైవ్ చేస్తోంది. ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"అమ్మా, ఆ పూలకి సంచులు ఎందుకు కట్టేదానివి? నాకు ఎప్పుడూ తెలీదు."

"వేరే పుప్పొడి పడకుండా. మనం అనుకున్నదే పడాలి కదా. లేకపోతే ఎవరి బిడ్డో తెలీదు."

"రోజుకి ఎన్ని కట్టేదానివి?"

"నూట యాభై. నువ్వు కడుపులో ఉన్నప్పుడు వంగలేక, స్టూలేసుకుని కట్టేదాన్ని. నా ఇబ్బంది చూసి అప్పుడొక వాచ్‌మన్ ఉండేవాడు..."

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. విజయశ్రీ కారు కదిలిస్తూ, "ఆఁ, వాచ్‌మన్ ఉండేవాడు, చెప్పు," అంది.